లారీ ఆట గురించి అత్తయ్య అభిప్రాయం

ఆత్రేయపురం
జూలై 6

హారతీ,

మీ అత్త కుడి మోకాలు కొత్తది, ఎడమ మోకాలు పాతది. బుర్ర మాత్రం ఈ పది పదిహేను రోజుల్లో పూర్తిగా కొత్తదైపోయింది. దానికి కారణం నువ్వే.

ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి అందరూ పళ్ళు పట్టుకొస్తారు. నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి మంచం పక్కన పెట్టావు. "నాన్న ఇంట్లో ఉంచనివ్వట్లేదు అత్తయ్యా, నా ఇంటర్ అయ్యేదాకా మీ దగ్గర దాచండి. తోచకపోతే ఆటలాడుకోండి" అని చెప్పి హాస్టల్‌కి వెళ్ళిపోయావు. తోచకపోవడం మాట అటుంచు, ఇక్కడ అన్నం చల్లారిపోతున్నా చూసుకోవడం లేదు.

మీ హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు. ఆదివారం ఇచ్చే కాసేపూ మీ అమ్మానాన్నలకే చాలదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. పెళ్ళైన కొత్తలో మా అమ్మకి రాశాక మళ్ళీ ఇదే.

ఇక నా అభిప్రాయాలు విను. ఇటుకలు పేర్చే ఆట బంగారం. వంటింట్లో డబ్బాలు సర్దిన ఏ ఆడదానికైనా చేయి తిరిగిన విద్య అది. ఫుట్‌బాల్ ఆటలో కుర్రాళ్ళు నా మాట వినరు. నేను ఎడమ అంటే వాళ్ళు కుడి. బాల్ బ్యాడ్మింటన్‌లో జిల్లాకి ఆడినదాన్ని, ఇలాంటి జట్టుని నేను ఎన్నడూ చూడలేదు. పొలం ఆట ఒట్టి అబద్ధం. విత్తు వేసిన కాసేపటికే పంట చేతికొస్తుంది. కూలీలు దొరకరన్న బెంగ లేదు, వాన పడుతుందన్న భయం లేదు. అది అబద్ధమని తెలిసి కూడా వదల్లేకపోతున్నాను, ఎందుకంటావు?

మీ మావయ్య పక్కనే టీవీలో సీరియల్ చూస్తారు కదా, ఆయనకి అడ్డం రాకూడదని సౌండ్ పూర్తిగా ఆపేసి ఆడుతున్నాను. "ఏంటి, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" అంటారు. ఆయనకేం తెలుసు.

అసలు సంగతి చివర్లో చెబుతున్నాను. నిన్న సాయంత్రం నడిబజారులో కారు ఎత్తుకెళ్ళాను. అడ్డమొచ్చిన వాళ్ళని గుద్దేశాను. పోలీసులు వెంటపడ్డారు. వంతెన మీంచి నదిలోకి దూకి తప్పించుకున్నాను. ఇప్పటికీ గుండె కొట్టుకుంటోంది. ఇది మాత్రం మీ నాన్నకి చెప్పకు.

ప్రేమతో, వేళకి తినమని మరీ మరీ చెబుతూ,
మీ నాగదుర్గ అత్త


విజయవాడ
జూలై 15

అత్తయ్యా,

మీ ఉత్తరం నాకంటే ముందు మా వార్డెన్ శ్యామలాంబ మేడమ్ చదివారు. ఇక్కడ ఉత్తరాలన్నీ విప్పి చూశాకే ఇస్తారు. ఆవిడ చేతికి మొదట తగిలింది మీ రెండో కాగితం. నన్ను గదికి పిలిపించారు.

"ఈ నాగదుర్గ ఎవరమ్మా?"

"మా మేనత్తండి."

"వాళ్ళాయనకి తెలుసా ఈ సంగతులు?"

"మేడమ్, అదంతా ఆటండి. ఆవిడ అసలు మంచం మీంచి లేవలేరు."

"మరి నదిలోకి ఎలా దూకింది?"

మొదటి కాగితం చదివించి బయటపడేసరికి ఫిజిక్స్ క్లాసు సగం అయిపోయింది. ఆవిడకి ఇంకా పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. ఇక మీదట ఎవరినైనా గుద్దితే మొదటి కాగితంలోనే ఆట అని రాయండి.

గది మొత్తానికి మీ ఉత్తరం చదివి వినిపించాను. మా పావని నవ్వు ఆపుకోలేక మంచం మీంచి జారిపోయింది.

పొలం ఆట ఎందుకు వదల్లేరో నాకు తెలుసు. ఒక పని అయ్యేలోపే ఇంకో చిన్న పని సిద్ధంగా ఉంటుంది. వంగ కోసేసరికి టమాటా పండుతుంది, టమాటా కోసేసరికి ఆవు పాలకొస్తుంది. ఆగడానికి చోటు ఇవ్వకుండా కట్టారు దాన్ని. అది తెలివే గానీ నాకు నచ్చదు. ఆడేవాళ్ళు ఉండిపోవాలి గానీ ఇరుక్కుపోకూడదు అనుకుంటాను. కారు దొంగల ఆటలో రోడ్లు బాగుంటాయి, మనుషులే దండగ. ఎవరితోనూ మాట్లాడాలనిపించదు.

మీరు ఒక పని చేసిపెట్టాలి. కొత్తవి అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఎర్ర లారీ బొమ్మ ఉన్న ఆట ఒకటుంది. ఎవరో కొత్తవాళ్ళు చేశారు. అది పూర్తిగా ఆడి ఎలా ఉందో చెప్పండి. మొహమాటం వద్దు. తిట్టాలనిపిస్తే తిట్టండి. త్వరగా రాయండి.

మీ పూతరేకులు వచ్చాయి. డబ్బా తెరిచినంతసేపు పట్టలేదు, ఖాళీ.

మీ అభిప్రాయం కోసం గేటు దగ్గర కాపు కాస్తూ,
హారతి


ఆత్రేయపురం
జూలై 25

హారతీ,

శ్యామలాంబ గారికి నమస్కారాలు. అమ్మా, ఈ ఉత్తరంలో ఎవరికీ ఏమీ కాలేదు.

కర్ర సాయంతో వరండా దాకా నడుస్తున్నాను. డాక్టరు మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఎప్పుడు మంచం ఎక్కుదామా, ఎప్పుడు అది తెరుద్దామా అనే ఉంటోంది.

ముందుగా ఒక పొరపాటు చెప్పేస్తాను. నీ రాజ్యం ఆట తెరిచి, ఏదో అడిగితే సరే అని నొక్కాను. నువ్వు కట్టుకున్న కోట, ఆ ఏనుగులు, ఓడలు, అన్నీ పోయి ఒక గుడిసె మిగిలింది. ఎంత వెతికినా కనబడలేదు. తిట్టుకోకు.

బాణాల ఆట అద్భుతం. ఆ అమ్మాయి కొండ మీంచి కొండ మీదికి దూకుతుంటే నా మోకాలు కూడా లేచింది. అద్దం ముందు బట్టలు మార్చే ఆట ఎవరు ఆడతారో నాకు తెలియదు, నేనైతే మీ మావయ్య కాఫీ మరిచిపోయి ఆడాను.

ఇక నువ్వు అడిగిన లారీ ఆట. మొహమాటం వద్దన్నావు కాబట్టి చెబుతున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆడాను. రోడ్డు బాగుంది, కొండలు బాగున్నాయి, వాన పడినప్పుడు అద్దం మీద నీళ్ళు జారడం ఎంతో బాగుంది. కానీ ఎందుకు వెళుతున్నానో నాకు తెలియలేదు. లారీ ఆగుతుంది, ఎవరూ పలకరించరు. మళ్ళీ బయల్దేరుతుంది. లారీ మీద కప్పిన పరదా కింద ఏముందో, దాని కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పనే చెప్పరు. చివరికి ఒక ఊళ్ళో ఆగిపోయింది, అంతే. ఒంటరిగా బస్టాండులో కూర్చున్నట్టనిపించింది. ఇది చేసినవాడికి చేయి తిరిగింది గానీ మనుషులంటే ఇష్టం లేదనుకుంటాను. వాడు ఈ పని మానేసి వేరే ఏదైనా చూసుకోవడం మంచిది.

బాణాల ఆటలాంటివి ఇంకా ఉంటే చెప్పు.

నీ జట్టు కెప్టెన్,
నాగదుర్గ అత్త


విజయవాడ
ఆగస్టు 5

అత్తయ్య గారికి,

నేను బాగానే ఉన్నాను. వీకెండ్ టెస్టులు మొదలయ్యాయి. టైము ఉండడం లేదు.

ఆ లారీ ఆట తీసేయండి. ఫోల్డర్ మొత్తం తీసేసినా పరవాలేదు. ఇక ఆటల గురించి రాయొద్దు, నేను చదువుకోవాలి. మీరు, నాన్న అనుకున్నట్టే జరగనివ్వండి.

మావయ్యని అడిగానని చెప్పండి.

హారతి


ఆత్రేయపురం
ఆగస్టు 12

హారతీ,

అత్తయ్య గారు అని రాశావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను గారు అనడం ఇదే మొదటిసారి. ఉత్తరం మీ మావయ్యకి చూపించాను. "కోట పోయినందుకు పిల్లకి కోపం వచ్చినట్టుంది" అన్నారు. నాకూ అదే అనిపించింది.

అందుకని నీ కోట మళ్ళీ కడుతున్నాను. ఇంకే ఆటా ముట్టుకోవడం లేదు. గోడ పూర్తయింది, ఏనుగులు వచ్చాయి. ఓడలకి కలప చాలడం లేదు. పక్క రాజ్యం వాడు ఊరికే యుద్ధానికి వస్తున్నాడు, వాణ్ణి చావగొట్టి పంపిస్తున్నాను. నువ్వు దసరా సెలవులకి వచ్చేసరికి నీ కోట నీకు ఉంటుంది. లారీ ఆట తీసేయమన్నావు గానీ ఎలా తీయాలో నాకు రాదు. ఏదో నొక్కబోయి ఇంకేదో పోతుందని భయం.

మీరు, నాన్న అనుకున్నట్టే అని ఎందుకు రాశావో అర్థం కాలేదు. మీ నాన్నకీ నాకూ మధ్య

ఇక్కడిదాకా మంగళవారం రాశాను. ఈ రోజు గురువారం. నిన్న జరిగింది చెప్పాలి. గబగబా రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదువుకో.

నిన్న మధ్యాహ్నం మీ నాన్న కడియం నుంచి కారులో దిగాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. శ్యామలాంబ గారు ఫోన్ చేసి, మీ అక్కగారి ఉత్తరాల్లో అన్నీ ఆటలేనండి, పిల్ల చదువు పాడవుతుంది అని చెప్పారట.

"అక్కా, నీకు బుద్ధుందా? ల్యాప్‌టాప్ నీ దగ్గర దాచిందా? ఇటు తే" అన్నాడు.

"తీసుకుపో వెంకటరత్నం. నీ కూతురు కూడా నా మీద అలిగింది. నాకూ వద్దు" అన్నాను.

తీసుకుపోదామనేసరికి వాన అందుకుంది. కారు దాకా వెళ్ళినా తడిసిపోతుంది. వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తెరిచి ఉన్న ఫోల్డర్‌లో ఎర్ర లారీ బొమ్మ కనబడింది. లారీలంటే వాడికి ప్రాణమని నీకు తెలుసు, మొక్కల నర్సరీలో లారీలకి లోడు ఎక్కిస్తూనే ఇన్నాళ్ళూ బతికాడు. "ఇదేంటి?" అన్నాడు. "నడిపి చూడు" అన్నాను. వెనక్కి తీయడం నాకు ఎప్పుడూ కుదరలేదు. వాడు కూడా గుద్దేశాడు. "ఇంజన్ చప్పుడు వినకుండా ఎవడు నడుపుతాడక్కా" అని సౌండ్ పెంచాడు.

హారతీ, లోపలి నుంచి మీ నాన్న గొంతు వచ్చింది.

"రానీ, రానీ, రానీ. ఎడమ కొట్టు. ఇంకొంచెం రానీ. ఆపు, ఆపు. మొక్కలు జాగ్రత్త చిన్నబ్బాయ్, ఎండ తగలనివ్వకు."

వాడు చేయి తీసేశాడు. నా వైపు చూశాడు. "అక్కా, ఇది నా గొంతు కదా" అన్నాడు. లారీ గేటు దాటుతుంటే మీ అమ్మ గొంతు వినిపించింది, "అన్నం క్యారేజీ పెట్టుకున్నావా బాబూ" అని. టీ దుకాణం దగ్గర ఆగితే ఎవరో పలకరించారు. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా ఆడి ఎవరూ లేరని రాసిన ఆట అది. అందరూ ఉన్నారు. నేనే అందరి గొంతూ నొక్కేసి ఆడాను.

మీ మావయ్య టీవీ కట్టేసి వచ్చారు. ముగ్గురం మంచం మీదే కూర్చున్నాం. చివరి ఊళ్ళో లారీ ఆగగానే ఎవరో ఆడమనిషి హిందీలో "వచ్చేశాయా మా గులాబీలు" అంది కదా, అక్కడ మీ నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వాన ఎప్పుడు వెలిసిందో కూడా చూసుకోలేదు.

కోపమో సంతోషమో నాకు తెలియలేదు. ల్యాప్‌టాప్ మాత్రం తీసుకెళ్ళలేదు. చెప్పులేసుకుంటూ, "ఆ ఘాట్ రోడ్డులో ఒకసారి కూడా లోయలో పడకుండా దిగలేదక్కా, ఆదివారం మళ్ళీ వస్తాను" అన్నాడు.

ఇది చేసింది నువ్వే కదా? మనుషులంటే ఇష్టం లేదని రాసిన మనిషిని ఏమనాలో అను. కానీ ఉత్తరం రాయి.

నీ అత్త


విజయవాడ
ఆగస్టు 21

అత్తయ్యా, అత్తయ్యా, అత్తయ్యా,

స్టడీ అవర్‌లో కెమిస్ట్రీ పుస్తకం కింద పెట్టుకుని రాస్తున్నాను.

కోట గురించి నాకు గుర్తే లేదు. దాన్ని నేనే ఎప్పుడో వదిలేశాను. మీరు ఓడలకి కలప కొట్టకండి. మోకాలికి మంచిది కాదు.

వేరే ఏదైనా చూసుకోవడం మంచిది అని మీరు రాసిన మాట, నాన్న వేసవిలో నాతో అన్న మాట ఒక్కటే. అక్షరం తేడా లేదు. మీకు సంగతి తెలిసిపోయిందనీ, మీరిద్దరూ కూడబలుక్కుని నన్ను మెల్లగా మాన్పిస్తున్నారనీ అనుకున్నాను. ఆ రోజు మెస్‌కి కూడా వెళ్ళలేదు. పావని పెరుగన్నం గ్లాసులో దాచి తెచ్చింది.

ఇప్పుడు ఆ మాట వేరేగా వినబడుతోంది. మీరు సౌండ్ ఆపేసి ఆడితే ఆట మొత్తం చచ్చిపోయింది. అలా ఆడేవాళ్ళు ఎంతమంది ఉంటారో నేను ఆలోచించనే లేదు. బస్సులో ఆడేవాళ్ళు, చెవులు వినబడనివాళ్ళు, పక్కన పిల్లలు నిద్రపోతున్నవాళ్ళు. ప్రతి మాటా తెర మీద అక్షరాల్లో రావాలి. పరదా అంచులోంచి ఒక కొమ్మ కనబడాలి. మీరు తిట్టింది సరైనదే.

ఇప్పుడు అసలు విషయం. నవంబరులో రాజమండ్రిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళు పిల్లలు సొంతంగా చేసిన ఆటలకి పోటీ పెడుతున్నారు. దసరా సెలవుల్లో ఇవన్నీ మార్చి పంపేస్తాను. కానీ ఆ రోజు టేబుల్ దగ్గర ఎవరో ఒకరు నిలబడి వచ్చినవాళ్ళ చేత ఆడించాలి. నాకు పరీక్షలు, ఔటింగ్ ఇవ్వరు. మీరు నిలబడతారా? కూర్చున్నా చాలు, కుర్చీ వేస్తారు.

నాన్న ఆదివారం ఫోన్‌లో ఆట మాట ఎత్తలేదు. మార్కులు అడిగారు. చివర్లో మాత్రం, "రెండో గేరులో దిగాలా, మూడో గేరులోనా?" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. రెండో గేరు అని చెప్పండి.

ఎగిరి గంతేయడానికి చోటులేని గదిలోంచి,
హారతి


ఆత్రేయపురం
నవంబరు 17

హారతీ,

నిన్న సంగతంతా వరసగా చెబుతాను. మధ్యలో ఆపకుండా చదువు.

మీ నాన్న పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. కర్ర, నేను, మీ మావయ్య, ల్యాప్‌టాప్. కాలేజీ హాలు నిండా టేబుళ్ళు. ప్రతి టేబుల్ దగ్గరా నీ ఈడు పిల్లలు. మా టేబుల్ దగ్గర మేం ముసలాళ్ళం ముగ్గురం. "మీరు జడ్జీలాండి?" అని అడిగారు కొందరు.

కాసేపు ఎవరూ రాలేదు. నాకు చెమటలు పట్టాయి. జిల్లా ఫైనల్లో కూడా అలా లేను. అప్పుడు మీ నాన్న సౌండ్ మొత్తం పెంచేశాడు. హాలంతా "రానీ, రానీ, ఆపు" అని వాడి గొంతే. ఇద్దరమ్మాయిలు నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నారు. వాళ్ళు లేవకముందే వెనక జనం చేరారు. తర్వాత నాకు కుర్చీ దొరకలేదు, నిలబడే ఉన్నాను, మోకాలు మాట గుర్తే రాలేదు.

మీ నాన్నని చూడాల్సింది. "రివర్స్‌లో తొందరపడకండి బాబూ, అద్దంలో చూడండి, వెనక కొబ్బరి మొక్కలున్నాయి" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఎవరైనా లోయలో పడితే వాడి మొహం పాలిపోయేది. ఒక లెక్చరర్ వచ్చి, "గొంతు ఎవరిదండి, భలే ఉంది" అంటే, "నాదేనండి. నాకు తెలియకుండా పట్టేసింది మా అమ్మాయి" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా అదే మాట చెప్పుకుంటూ తిరిగాడు.

ఇక ఒక కుర్రాడు. కళ్ళజోడు, సన్నగా ఉన్నాడు. మొదటి నుంచి చివరి దాకా ఆడాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. లేచి, "బాగుందండి, కానీ ఏదో వెలితిగా ఉంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటి బాబూ వెలితి?"

"అందరూ డ్రైవర్‌తో మాట్లాడతారండి. ఆయన ఎవరికీ జవాబు చెప్పడు. ఇంత దూరం ఆయనతో వెళ్ళాను, ఆయనెవరో నాకు తెలియలేదు."

"లారీ నడిపేవాడికి కబుర్లు చెప్పే తీరికుంటుందా? నువ్వు ఎప్పుడైనా లారీ ఎక్కావా?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. మీ మావయ్య నా చేయి పట్టుకుని పక్కకి లాగారు. "నువ్వు రాసిన అభిప్రాయాలు అందరూ పడాలి గానీ, ఎదుటివాడు ఒక్క మాట అనకూడదా?" అన్నారు. దారంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

బహుమతి రాలేదు హారతీ. చేపలు పట్టే ఆట ఒకదానికి ఇచ్చారు. అది నేనూ ఆడాను. బాగుంది. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది గానీ చాలా బాగుంది. నీకు చెప్పాలంటే నా నోరు రావడం లేదు, అందుకే చివర్లో రాశాను. ఆ కళ్ళజోడు వాడి మాట నీకు రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. మొహమాటం వద్దని నువ్వే కదా అన్నావు.

బాధపడకు. లేకపోతే బాధపడి నాకు రాయి, నాలో దాచుకుంటాను.

ప్రేమతో, ఇంకా కోపం చల్లారని
నీ అత్త


విజయవాడ
డిసెంబరు 2

అత్తయ్యా,

బహుమతి రానందుకు ఏడిచాను. మీకు అబద్ధం చెప్పను. ఏడుస్తూనే మీ ఉత్తరం మళ్ళీ చదివాను. కళ్ళజోడు అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. లేచి కూర్చున్నాను.

అతను చెప్పింది నిజం. నర్సరీ షెడ్డు దగ్గర నేను ఫోన్ దాచి అందరి గొంతులూ పట్టాను గానీ మన లారీ డ్రైవర్ చిన్నబ్బాయి గొంతు దొరకలేదు. ఆయన ఎక్కువ మాట్లాడడు, ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటాడు. దొరకలేదు కదా అని వదిలేశాను. ఆడేవాళ్ళు ఎవరి పక్కన కూర్చుని అంత దూరం వెళ్తారో ఆ మనిషినే వదిలేశాను. ఎవరికీ తెలియదనుకున్నాను. అతనికి తెలిసింది. అంతసేపు కూర్చుని అంత శ్రద్ధగా ఆడాడంటే ఎంత సంతోషంగా ఉందో మీకు ఎలా చెప్పను? మీరేమో అతన్ని తిట్టారు. కాలేజీ వాళ్ళని అడిగి ఆ అబ్బాయి పేరు కనుక్కోండి, దయచేసి. మార్చిన ఆట ముందు అతనికే పంపాలి. మీకు ఆ తర్వాత.

కిందటి వారం ఫోన్‌లో నాన్నకి ఈ మాట చెప్పాను. "సరే చూద్దాం" అన్నారంతే. నాన్న మీకు చెప్పారో లేదో, ఆయన చిన్నబ్బాయి పక్కన లారీ ఎక్కి తుని దాకా వెళ్ళారట. ఫోన్ ముందు పెట్టి, "ఏదో ఒకటి మాట్లాడు" అన్నారట. చిన్నబ్బాయి సిగ్గుపడి అన్నవరం దాటేదాకా నోరు విప్పలేదట. నాన్నకి ఎండకి కునుకు పట్టేసింది. ఫోన్ మాత్రం రికార్డ్ అవుతూనే ఉంది.

మొన్న ఆదివారం నాన్న అది నాకు వినిపించారు. మార్కులు అడగడానికి టైము మిగల్లేదు. చాలాసేపు ఇంజన్ చప్పుడే. తర్వాత బండి గతుకుల్లో పడి నెమ్మదించింది. అప్పుడు చిన్నబ్బాయి, వెనకాల పరదా కింద ఉన్న మొక్కలతో అన్నాడు అత్తయ్యా, పిల్లలకి చెప్పినట్టు:

"అయిపోయిందర్రా. కాస్త గట్టిగా పట్టుకోండి. ముందు రోడ్డు బాగుంటుంది."

హారతి